చూసేవాడు, చెప్పేవాడు: షెర్లాక్ హోమ్స్ టెలివిజన్ అనుసరణలు, తెలుగు అపరాధ పరిశోధకుడు

ఉపోద్ఘాతం

ఆర్థర్ కానన్ డాయిల్ 1887లో వెలువరించిన 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' నవలతో షెర్లాక్ హోమ్స్ పాఠకులకు పరిచయమయ్యాడు. 4 నవలలుగా, 56 కథలుగా సాగిన ఆ పరంపర 1927లో ముగిసింది. గుర్రపు బగ్గీలు, గ్యాసు దీపాలు, పొగమంచు కమ్మిన లండన్ వీధులు అతనితో ముడివడి ఉండడం వల్ల హోమ్స్ మనకు బాగా దూరపు కాలంవాడనిపిస్తాడు. కాని మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమయ్యే నాటికి హోమ్స్ కథలు లండన్ 'స్ట్రాండ్' పత్రికలో ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ పాత్రకు మన నేలకు మధ్య ఉన్న ఎడం కాలానిది కాదు, సమాజానిది.

2010 తరువాత ఈ పాత్రను వర్తమానంలోకి తెచ్చిన టెలివిజన్ ధారావాహికలు పలు దేశాల్లో వచ్చాయి. బగ్గీ స్థానంలో టాక్సీ, టెలిగ్రామ్ స్థానంలో సెల్‌ఫోన్ సందేశం చేరితే అనుసరణ పూర్తయినట్లేనన్న భావన ప్రచారంలో ఉంది. ఈ మార్పులు తేలికైనవి. కష్టమైన పని వేరే ఉంది. డాయిల్ కథల్లో చూసేవాడు హోమ్స్, చెప్పేవాడు వాట్సన్. ఈ ఇద్దరినీ కెమెరా ముందు నిలిపినప్పుడు చెప్పేవాడి పని ఎవరు చేయాలి? కొత్త ఊళ్లో, కొత్త కాలంలో చూసేవాడు దేన్ని చూడాలి? అనుసరణల బలాబలాలు ఈ రెండు ప్రశ్నల దగ్గరే తేలుతాయి. తెలుగులో హోమ్స్‌కు సాటిరాగల తెర పాత్ర ఇప్పటికీ ఎందుకు నిలదొక్కుకోలేదన్న దానికి సమాధానం కూడా ఇక్కడే వెతకాలి.

వంతే కథ చెబితే

మొత్తం 60 రచనల్లో 56 వాట్సన్ చెప్పినవి. రెండింటిని డాయిల్ ప్రథమ పురుష కథనంలో రాశాడు. 'ది బ్లాంచ్డ్ సోల్జర్', 'ది లయన్స్ మేన్' అనే మరి రెండింటిని హోమ్స్ స్వయంగా చెబుతాడు. ఈ నాలుగూ పరంపరలో బలహీనమైన కథలన్న అభిప్రాయం పాఠకుల్లో చాలాకాలంగా ఉంది. అది అకారణమైనది కాదు. సమాధానం తెలిసినవాడు కథ చెబుతూ దానిని చివరిదాకా దాచిపెడితే పాఠకుడికి మోసపోయినట్లు అనిపిస్తుంది. వాట్సన్‌కు దాచవలసిన అవసరమే లేదు. అతనికి తెలియదు. హోమ్స్ చూసినదంతా అతనూ చూస్తాడు, కాని దాని అర్థం అతనికి అందదు. పాఠకుడి స్థితీ సరిగ్గా అదే. హోమ్స్ తాను కలం పట్టిన కథలో, వాట్సన్ కథన పద్ధతిని తాను లోగడ తప్పుపట్టినప్పటికీ పాఠకుడి ఆసక్తిని నిలపడానికి దానికి గత్యంతరం లేదని ఒప్పుకోవడం గమనించదగినది.

బుర్రకథ తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ నిర్మాణం కొత్తది కాదు. అక్కడ కథకుడు నడుమ నిలిచి కథ నడుపుతాడు. వంతలు ప్రశ్నిస్తారు, ఆశ్చర్యపోతారు, తందాన అంటారు. శ్రోత తరఫున తెలియనితనాన్ని భరించేది వంతలే. డాయిల్ ఈ అమరికను తిరగవేశాడు. అతని కథల్లో వంతే కథ చెబుతాడు. ప్రధానుడు మౌనంగా చుట్ట కాలుస్తూనో, వయొలిన్ వాయిస్తూనో ఉంటాడు.

కెమెరాకు ఇటువంటి తెలియనితనం సహజంగా ఉండదు. అది గదిలోని ప్రతి వస్తువునూ అందరికీ సమానంగా చూపుతుంది. అందువల్ల తెరపై వాట్సన్ నిరుద్యోగి అయ్యే ప్రమాదం మొదటినుంచీ ఉంది. 1939 నుంచి 1946 వరకు బాసిల్ రాత్‌బోన్ నటించిన 14 చిత్రాల్లో నైజెల్ బ్రూస్ వాట్సన్‌ను తడబడే హాస్యగాడిగా మార్చాడు. హోమ్స్ తెలివి కనబడడానికి పక్కవాడు తెలివితక్కువవాడైతే చాలన్నది అక్కడి సూత్రం. 1984 నుంచి 1994 వరకు గ్రనాడా సంస్థ జెరెమీ బ్రెట్‌తో తీసిన 41 భాగాల ధారావాహిక ఆ తప్పును సరిదిద్దింది. డేవిడ్ బర్క్, అతని తరువాత ఎడ్వర్డ్ హార్డ్‌విక్ వాట్సన్‌కు మళ్లీ మర్యాద తెచ్చారు. మూలకథలకు అంత దగ్గరగా నిలిచిన అనుసరణ అరుదు. కాని అది కాలాన్ని మార్చే సాహసం చేయలేదు.

గడియారం, సెల్‌ఫోన్

ఆ సాహసం చేసినది స్టీవెన్ మాఫట్, మార్క్ గాటిస్ రూపొందించిన బీబీసీ 'షెర్లాక్'. 2010 జులై 25న మొదటి భాగం ప్రసారమైంది. 2017 నాటికి ఒక ప్రత్యేక భాగంతో కలిపి 13 భాగాలు వచ్చాయి. ఒక్కొక్కటి దాదాపు గంటన్నర నిడివి గలది. బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ హోమ్స్ కాగా, మార్టిన్ ఫ్రీమన్ వాట్సన్. మూలంలో వాట్సన్ 1880లో అఫ్గానిస్థాన్‌లోని మైవంద్ యుద్ధంలో గాయపడి ఇంగ్లండుకు తిరిగివస్తాడు. 130 ఏళ్ల తరువాతి వాట్సన్ కూడా అఫ్గానిస్థాన్ యుద్ధం నుంచే తిరిగివచ్చాడు. రచయితలు మార్చవలసిన పని లేకుండా చరిత్రే ఆ వాక్యాన్ని కాపాడింది.

ఈ ధారావాహిక పనితనాన్ని చూపడానికి ఒక్క సన్నివేశం చాలు. 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో వాట్సన్ తన జేబు గడియారాన్ని హోమ్స్ చేతికిచ్చి దాని యజమాని గురించి చెప్పమంటాడు. తాళంచెవి పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న గీతలను చూసి, రాత్రిపూట వణికే చేతులతో కీ ఇచ్చిన తాగుబోతు దాని యజమాని అని, అతను వాట్సన్ అన్నగారని హోమ్స్ నిర్ధారిస్తాడు. 2010 నాటి భాగంలో గడియారం సెల్‌ఫోన్ అయింది. గీతలు ఛార్జింగ్ తీగ గుచ్చే చోటికి మారాయి. వస్తువు మారినా ఊహాక్రమం చెక్కుచెదరలేదు. అయితే రచయితలు ఇక్కడ ఆగలేదు. ఫోన్ వెనుక చెక్కిన హ్యారీ అనే పేరును చూసి హోమ్స్ అన్నదమ్ముడనుకుంటాడు. హ్యారీ అంటే హ్యారియట్, వాట్సన్ సోదరి. మూలం చదివినవారు కూడా ఈ చోట హోమ్స్‌తోపాటే బోల్తాపడతారు. పాత పాఠకుడికి మళ్లీ వాట్సన్ తెలియనితనాన్ని ప్రసాదించిన సన్నివేశమిది. అదే భాగంలో, 'రాఖె' అనే జర్మన్ మాటను మూలంలో పోలీసులు 'రేచెల్' అనే పేరుగా పొరబడతారు. ఇక్కడ పోలీసులే జర్మన్ మాట అంటారు, అసంపూర్ణంగా మిగిలిన పేరు అని హోమ్స్ తేలుస్తాడు.

కథకుడి సమస్యకు ఈ ధారావాహిక కనుగొన్న పరిష్కారం తెరపై తేలే అక్షరాలు. హోమ్స్ శవాన్ని పరిశీలిస్తుంటే ఉంగరం పక్కన, కోటు అంచు పక్కన అతని ఆలోచనలే మాటలై కనిపిస్తాయి. చూడడానికి ఇది ముచ్చటగా ఉంది. తరువాత ఎన్నో దేశాల వాళ్లు దీనిని అనుకరించారు. కాని దీనివల్ల ప్రేక్షకుడు వాట్సన్ పక్కనుంచి లేచి హోమ్స్ తలలోకి వెళ్లి కూర్చున్నాడు. మూలంలో మనం హోమ్స్‌ను బయటినుంచి చూసి అబ్బురపడతాం. ఇక్కడ లోపలినుంచి చూసి అతనితో పరుగెత్తుతాం. లోపలికి వెళ్లాక కుతూహలం కేసులమీద నిలవదు, మనిషి మీదికి మళ్లుతుంది. నాలుగవ విడత నాటికి ఈ ధారావాహిక హోమ్స్ బాల్యం, అజ్ఞాత సోదరి, కుటుంబ రహస్యాల చుట్టూ తిరగడానికి బీజం మొదటి భాగపు అక్షరాల్లోనే ఉంది. వాట్సన్ రాసే బ్లాగు ప్రస్తావనకు మిగిలింది గాని కథను నడపలేదు.

శిష్యురాలైన వాట్సన్

అమెరికాలో సీబీఎస్ 2012 నుంచి 2019 వరకు ప్రసారం చేసిన 'ఎలిమెంటరీ' 154 భాగాలు నడిచింది. ఇంత పెద్ద సంఖ్యలో కేసులు కావలసివచ్చినప్పుడు అన్నీ బలంగా ఉండవు. అయినా వాట్సన్ విషయంలో ఈ ధారావాహిక చేసిన ఆలోచన బీబీసీ కంటే లోతైనది. మూలంలోని హోమ్స్ కొకైన్ అలవాటును ఇది తీవ్రమైన వ్యసనంగా మార్చింది. జానీ లీ మిల్లర్ పోషించిన హోమ్స్ వ్యసనం నుంచి కోలుకుంటున్నాడు. లూసీ లియూ పోషించిన జోన్ వాట్సన్ ఒకప్పటి శస్త్రవైద్యురాలు, అతనికి కాపలాగా నియమితురాలై వచ్చింది. ఆమె చూడడం నేర్చుకుంటుంది. కొంతకాలానికి తానే పరిశోధకురాలవుతుంది. చెప్పేవాడి స్థానం ఇక్కడ నేర్చుకునేవారి స్థానమైంది. తెలియనితనం క్రమంగా తగ్గుతూ పోవడమే కథ.

2018లో జపాన్‌లో వచ్చిన 8 భాగాల 'మిస్ షెర్లాక్'లో ఇద్దరూ స్త్రీలే. వైద్యురాలి పేరు వాటో. జపనీయులు గౌరవవాచకం చేర్చి పిలిస్తే అది 'వాటో-సాన్' అవుతుంది. పేరును అనువదించకుండా తమ భాషలోనే దొరికించుకున్న ఈ చమత్కారం అనుసరణకర్తలకు మంచి పాఠం.

సత్యాన్వేషి ఇంటింటా

భారతీయ టెలివిజన్‌లో ఈ కుదుటి పాత్రల్లో గౌరవస్థానం పొందినది దూరదర్శన్‌లో 1993లో మొదలైన బాసు చటర్జీ 'బ్యోమకేశ్ బక్షీ'. శరదిందు బంద్యోపాధ్యాయ 1932లో సృష్టించిన ఈ బెంగాలీ పాత్రను రజిత్ కపూర్, అతని వాట్సన్ అయిన అజిత్‌ను కె.కె. రైనా పోషించారు. డిటెక్టివ్ అన్న మాట బ్యోమకేశ్‌కు గిట్టదు. తనను సత్యాన్వేషి అనమంటాడు. అంతకుముందు 1985లో వచ్చిన 'కరంచంద్' క్యారెట్లు నమిలే నాయకుడితో, గడుసుగా అమాయకత్వం ఒలికించే సహాయకురాలితో నవ్వించింది. బ్యోమకేశ్ నవ్వించలేదు. ధోవతి కట్టుకుని, నిదానంగా మాట్లాడి, తక్కువ ఖర్చుతో వేసిన సెట్లలో నిలిచి మెప్పించాడు.

నిజాం కాలంలో ఉర్దూ పాలనాభాషగా నడిచిన మెదక్ వంటి పట్టణాల్లో హిందీ ధారావాహిక పరాయి వస్తువుగా అనిపించలేదు. సంత నుంచి కచేరీ దాకా దక్కనీ ఉర్దూ వినిపించే చోట ఆ సంభాషణలకు వివరణ అక్కర లేదు. తెలంగాణ ప్రేక్షకుడికి తెరపై మొదట దగ్గరైన సంప్రదాయ పరిశోధకుడు ఈ విధంగా హిందీ మాట్లాడే బెంగాలీ కావడం విశేషం.

శరదిందు కూడా కథకుడి విషయంలో తర్జనభర్జన పడ్డాడు. చివరి దశ కథల్లో అజిత్‌ను కథకుడి స్థానం నుంచి తప్పించాడు. బాసు చటర్జీ తెరపై అజిత్‌ను నిరంతరం బ్యోమకేశ్ పక్కన నిలిపాడు. చాలా సన్నివేశాల్లో అతను చేసేది వినడం మాత్రమే. కాని ఆ వినడాన్ని కెమెరా గౌరవించింది. అక్షరాలు తేలకపోయినా వాట్సన్ పని జరిగింది.

తెలుగు తెరపై టోపీ మిగిలింది

తెలుగులో అపరాధ పరిశోధక సాహిత్యం 20వ శతాబ్ది తొలి దశకాల్లోనే బెంగాలీ, ఇంగ్లీషు రచనల అనువాదాలతో, అనుసరణలతో మొదలైంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు ఇంటింటి పేర్లయ్యారు. (1979లో వచ్చిన 'యుగంధర్' చిత్రానికి ఈ పాత్రతో సంబంధం లేదు. అది హిందీ 'డాన్'కు పునర్నిర్మాణం.) రాజు సహాయకుడే గాని కథకుడు కాడు. యుగంధర్ నవలలు ప్రథమ పురుష కథనంలో, ఎక్కువగా సంభాషణలతో పరుగెడతాయి. మరొక సంగతి, అతని కార్యక్షేత్రం మద్రాసు. ఒకరికొకరు తెలియని మనుషులు లక్షల్లో ఉండే మహానగరం తెలుగు డిటెక్టివ్‌కు కూడా అవసరమైంది.

తెరకు వచ్చేసరికి డిటెక్టివ్ పాత్ర గూఢచారితో కలిసిపోయింది. 1966 నాటి 'గూఢచారి 116' తరువాత తుపాకి, కారు, మారువేషం ముందుకొచ్చాయి. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా 1986లో జంధ్యాల తీసిన 'చంటబ్బాయ్'లో నాయకుడు తనకు జేమ్స్ పాండ్ అని పేరు పెట్టుకోవడం ఈ కలగాపులగాన్ని చక్కగా ఎగతాళి చేస్తుంది. 2019లో స్వరూప్ ఆర్.ఎస్.జె. దర్శకత్వంలో వచ్చిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నాయకుడు నెల్లూరులో ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్ నడుపుతాడు. హోమ్స్ పేరునే తలకెత్తుకున్న 'శ్రీకాకుళం షెర్లాక్‌హోమ్స్' 2024 డిసెంబరులో వచ్చింది. పేరడీ, ఆరాధన కలగలిసిన ఈ చిత్రాల్లో హోమ్స్ టోపీ దొరుకుతుంది, హోమ్స్ చూపు అరుదుగా దొరుకుతుంది.

దీనికి ప్రతిభాలోపాన్ని కారణంగా చూపడం తేలిక. హక్కుల అడ్డంకి కూడా లేదు. 1930లో మరణించిన డాయిల్ రచనలపై అప్పటి చట్టం ప్రకారం మన దేశంలో హక్కులు 1980తోనే ముగిశాయి. అసలు చిక్కు వేరు. హోమ్స్ పద్ధతి అపరిచితుల మీద పనిచేస్తుంది. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు కాబట్టే అతని చొక్కా చేయి చూసి చెప్పిన మాట అద్భుతమవుతుంది. మెదక్ వంటి పట్టణంలో గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి ఎవరి కొడుకో, ఏ వాడవాడో, ఎవరింటి అల్లుడో చాయ్ హోటల్లో కూర్చున్నవారందరికీ ముందే తెలుసు. అక్కడ ఊహించి చెప్పేవాడిని చూసి ఎవరూ విస్తుపోరు.

తెలుగు రచయితలకు ఈ చిక్కు తెలుసుననడానికి వారి కథలే సాక్ష్యం. ఆత్రేయ పరిశోధన రైలు పట్టాల పక్కన దొరికే గుర్తుతెలియని శవాల చుట్టూ తిరుగుతుంది. నెల్లూరు వంటి ఊళ్లో అపరిచితుడు కావాలంటే అతను శవమై ఎక్కడినుంచో రావాలి. 2024 నవంబరు 28న జీ5లో విడుదలైన, ప్రదీప్ మద్దాలి దర్శకత్వం వహించిన 'వికటకవి' తెలంగాణ నేపథ్యంలో తొలి డిటెక్టివ్ సిరీస్‌గా ప్రచారం పొందింది. నరేశ్ అగస్త్య పోషించిన పరిశోధకుడి పేరు రామకృష్ణ. సిరీస్ పేరుతో కలిపి చూస్తే తెనాలి రామకృష్ణుడు గుర్తుకు రాక మానడు. తెలివికి తెలుగువారి సొంత కొండగుర్తును ఎంచుకోవడం మెచ్చదగినది. అయితే అమరగిరిలో గుట్ట మీదికి వెళ్లినవారు జ్ఞాపకశక్తి కోల్పోతారన్నది కథకు మూలం. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో డిటెక్టివ్‌కు పని కల్పించాలంటే ఊరి జ్ఞాపకాన్నే తుడిచివేయవలసి వచ్చింది. ఇది గడుసైన ఉపాయమే, కాని ప్రతి కథకూ పనికిరాదు.

'వికటకవి' 1970ల నాటి కథ, 'శ్రీకాకుళం షెర్లాక్‌హోమ్స్' 1991 నాటిది. హిందీలో కె.కె. మీనన్‌తో 2024లో వచ్చిన 'శేఖర్ హోమ్' కూడా 1990ల బెంగాల్‌లో జరుగుతుంది. బీబీసీ హోమ్స్‌ను వర్తమానంలోకి లాగితే, మనవాళ్లు సెల్‌ఫోన్ రాని కాలంలోకి తప్పుకుంటున్నారు. నిఘా కెమెరా, ఫోన్ సంకేతాల చిట్టా పోలీసుల చేతిలో ఉన్న కాలంలో, చట్టపరంగా నేరపరిశోధన చేసే అధికారం లేని ప్రైవేటు వ్యక్తికి చోటు కల్పించడం కష్టమే. అయినా ఈ తప్పుకోవడం వల్ల వర్తమాన తెలుగు పట్టణం తెరకు దక్కకుండా పోతోంది.

దేన్ని చూడాలి

ఇక్కడ మరొక, మరింత సున్నితమైన ప్రశ్న ఉంది. హోమ్స్ చేతులు చూసి వృత్తి చెబుతాడు. వృత్తి కులంతో ముడిపడి వచ్చిన సమాజంలో అదే పని చేసే పరిశోధకుడు క్షణంలో కులం చెప్పేవాడుగా దిగజారగలడు. డాయిల్ కూడా ఈ గోతిలో పడకపోలేదు. 1892 నాటి 'ది బ్లూ కార్బంకిల్'లో టోపీ పెద్దదిగా ఉంది కనుక దాని యజమాని మేధావి అని హోమ్స్ తీర్మానిస్తాడు. పుర్రె పరిమాణంతో బుద్ధిని కొలిచే ఆనాటి మూఢశాస్త్రం అది. 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో అండమాన్ మనిషి చిత్రణ చదవడానికే ఇబ్బంది కలిగిస్తుంది. బీబీసీ 'షెర్లాక్' రెండవ భాగం చైనీయులను చిత్రించిన తీరు కూడా విమర్శలకు గురైంది. పరిశీలన ఎక్కడ ముగిసి, ముందే ఏర్పరుచుకున్న అభిప్రాయం ఎక్కడ మొదలవుతుందో ప్రతి అనుసరణ తేల్చుకోవలసిందే.

ఆధారాలకు మెదక్‌లో కరువు లేదు. హోమ్స్ 140 రకాల పొగాకు బూడిదల మీద గ్రంథం రాసినట్లు చెప్పుకుంటాడు. మెదక్ ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీలు ఎందరో ఉన్నారు. తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టే వేళ్లకు ఆ పని తన గుర్తును వదిలిపోతుంది. అది పుట్టుక చెప్పే గుర్తు కాదు, పొద్దంతా చేసిన పని చెప్పే గుర్తు. అంతకంటే పెద్ద ఆధారం మాట. 'ఏంది' అన్నవారు, 'ఏంటి' అన్నవారు, 'ఏటి' అన్నవారు ఏ దిక్కునుంచి వచ్చారో తెలుగువారికి చెవే చెబుతుంది. ఒక మనిషి దాచిన యాస కోపంలోనో భయంలోనో బయటపడే క్షణాన్ని కెమెరా కంటే మైకు బాగా పట్టుకుంటుంది. తెలుగు హోమ్స్ చూసేవాడికంటే వినేవాడు కావచ్చు. అపరిచితులు కావాలంటే మహాశివరాత్రి నాడు మంజీర పాయల నడుమ జరిగే ఏడుపాయల జాతర ఉంది, క్రిస్మస్ నాటి చర్చి ఆవరణ ఉంది. ఏడాదికి కొన్ని రోజులు ఆ పట్టణం, దాని పరిసరాలు ఎవరికెవరూ తెలియని లండన్ అవుతాయి.

మిగిలింది వాట్సన్. అఫ్గానిస్థాన్ నుంచి తిరిగివచ్చిన వాట్సన్‌కు ఇంగ్లండులో బంధువులు లేరు, లండన్‌లో ఇల్లు లేదు. అతను ఆ నగరంలో ఒంటరివాడు. తెలుగులో హోమ్స్ ఊరివాడైతే, పొరుగు జిల్లా నుంచో సముద్రతీరం నుంచో బదిలీపై మెదక్ ఆసుపత్రికి వచ్చిన డాక్టరు వాట్సన్ కాగలడు. ఊరందరికీ తెలిసిన సంగతులు ఆ డాక్టరుకు తెలియవు. ఎవరి ఇంటికి ఎవరు ఎందుకు పోరో, జాతరలో మొదటి బోనం ఎవరిదో, ఒక్క మాట అనగానే చాయ్ హోటల్ ఎందుకు మౌనం వహించిందో అడిగి తెలుసుకోవలసి ఉంటుంది. ప్రేక్షకుడి తరఫున అడగడానికి, చెప్పడానికి ఆ కొత్త డాక్టరుకు పూర్తి అర్హత ఉంది.